చక్రాల మీది వంటగట్టు

ఇల్లు కట్టుకొనే కుటుంబాలను మేము చాలా చూశాము. పునాది వేసేటప్పుడు, గోడలు లేపేటప్పుడు రాని పట్టింపులు వంటగట్టు దగ్గరకు వచ్చేసరికి వస్తాయి. కడప బండ చాలునని ఇంటాయన అంటాడు, గ్రానైటు లేనిదే వంటిల్లేమిటని ఇల్లాలు అంటుంది. అయితే ఇల్లే చక్రాల మీద ఉన్నప్పుడు ఈ పట్టింపు ఎంత దూరం వెళ్తుందో 2023 వేసవిలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మా కళ్లతో చూశాము. ఆ సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా బావమరిది, అతని భార్య అక్కడ ఉంటున్నారు. ఆ అమ్మాయి నర్సు. ఒకే ఆసుపత్రిలో ఉండే ఉద్యోగం కాదు. పదమూడు వారాలు ఒక ఊరిలో, ఆ ఒప్పందం అయిపోగానే మరో ఊరిలో పని. అలాంటి నర్సులు ఆ దేశంలో వేల మంది ఉన్నారు. మా బావమరిదిది కంప్యూటరు పని కాబట్టి ఎక్కడ కూర్చున్నా జరుగుతుంది. ఊరూరా అద్దె ఇల్లు వెతుక్కోలేక వారిద్దరూ ఇరవైనాలుగు అడుగుల పాత ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొనుక్కున్నారు. అంటే ఇంజను లేని ఇల్లు. దానిని పికప్ ట్రక్కు వెనుక తగిలించుకొని లాక్కుపోతారు. అందులోనే మంచం, బల్ల, స్నానాల గది, వంటిల్లు అన్నీ ఉంటాయి. మనలను రమ్మని టిక్కెట్లు పంపితే మా శ్రీమతితో కలిసి బయలుదేరాము.

ట్రైలర్ల ఊరు

షికాగో విమానాశ్రయంలో దిగి, తూర్పుగా సుమారు 180 కిలోమీటర్లు కారులో వెళ్లాము. మిషిగన్ సరస్సు దక్షిణపు ఒడ్డున గ్యారీ ఉక్కు కర్మాగారాలు దాటిన తరువాత ఇక కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలే. దారిలో గడియారం ఒక గంట ముందుకు జరుపుకోవలసి వచ్చింది. ఒకే రాష్ట్రంలో రెండు కాలమానాలు ఉండడం మాకు వింతగా తోచింది.

మేము చేరిన ఊరు పేరు ఎల్కార్ట్. ఎల్కార్ట్ నది వచ్చి సెయింట్ జోసెఫ్ నదిలో కలిసేది ఈ ఊరిలోనే. ఒకప్పుడు బ్యాండు మేళం వాయిద్యాల తయారీకి ప్రసిద్ధి. ఇప్పుడు చక్రాల ఇళ్లకు అదే రాజధాని. అమెరికాలో తయారయ్యే ట్రైలర్లలో అధిక భాగం ఈ జిల్లాలోను, దాని చుట్టుప్రక్కల ఊళ్లలోను తయారవుతాయి. రోడ్డుకు ఇరుప్రక్కలా పొడుగాటి కర్మాగారపు షెడ్లు, వాటి ముందు తెల్లని కొత్త ట్రైలర్ల వరుసలు. ఈ ఊరికి కష్టకాలం తెలియనిది కాదు. 2008 ఆర్థిక మాంద్యంలో జనం ట్రైలర్లు కొనడం మానివేయగా, 2009 నాటికి ఇక్కడ పని లేనివారు నూటికి పదిహేను మందిని మించిపోయారు. ఆ ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా స్వయంగా ఈ ఊరికి వచ్చి మాట్లాడారు.

గోషెన్, షిప్షెవానా వైపు వెళ్తే మరొక లోకం. అక్కడ ఆమిష్ కుటుంబాలు కారు కొనరు, నల్లని గుర్రపు బగ్గీలలో తిరుగుతారు. వారిలో చాలా మంది ఈ ట్రైలర్ కర్మాగారాలలో పని చేస్తారు. దేశమంతా తిరిగే ఇళ్లను గుర్రపు బండి దిగి వచ్చిన మనుష్యులు తయారు చేయడం చూసి మేము ఆలోచనలో పడ్డాము.

మరునాడు మా బావమరిది మమ్మును అక్కడి ట్రైలర్ల మ్యూజియమునకు తీసికొని వెళ్లాడు. 1913 నాటి ఎర్ల్ ట్రైలర్ అందులో ఉన్నది. ఉన్నవాటిలో అత్యంత పాతది అదేనంటారు. దాని ముందు ఫోర్డ్ మోడల్ టి కారు నిలిపి ఉంచారు. సినిమా నటి మే వెస్ట్ కోసం 1931లో తయారైన ఇంటి బండి కూడా అక్కడే ఉన్నది. మా శ్రీమతి చూపు మాత్రం ప్రతి బండిలోను వంటింటి మీదనే. “మన పళ్లెం పెట్టడానికి కూడా చోటు లేదండీ. వీళ్లు ఏమి వండుకు తిన్నారో!” అన్నది.

ఉబ్బిన గట్టు

మా వాళ్ల ట్రైలర్‌లో వంటగట్టు పాడైపోయింది. సింకు అంచునుండి నీరు దిగి, లోపలి పలక అట్టలాగ ఉబ్బిపోయింది. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసే ఆ పలకను పార్టికల్ బోర్డు అంటారు. చవక, తేలిక, కాని నీటికి ఓర్వదు. పైగా చౌక రకాలలో వాడే జిగురునుండి ఫార్మాల్డిహైడు అనే ఘాటు వాయువు వెలువడుతుంది. 2005లో కత్రినా తుఫానులో ఇళ్లు పోయినవారికి ప్రభుత్వం ట్రైలర్లు ఇచ్చినప్పుడు, ఆ ఇరుకు గదులలో ఈ వాయువు ఎక్కువై జనం కళ్లమంటలతో, దగ్గుతో బాధపడ్డారు. ఆ తరువాత 2010లో దానిపై చట్టమే వచ్చింది. అందుచేత ఈసారి మంచి ప్లైవుడ్ వాడాలని మా బావమరిది ముందే నిశ్చయించుకున్నాడు. దానిపై ఏమి వేయాలన్నదే ప్రశ్న.

ఆ ఊరిలో ఇందుకు గొప్ప సదుపాయం ఉన్నది. కర్మాగారాలలో మిగిలిపోయిన తలుపులు, సింకులు, కిటికీలు, పలకలు తక్కువ ధరకు అమ్మే పెద్ద పెద్ద దుకాణాలు ఉన్నాయి. మన ఊళ్లలో పాత కలప, పాత ఇనుప సామాను అమ్మే అడితి వంటివే. అక్కడ రెండు పూటలు తిరిగి, రకానికొక నమూనా ముక్క తెచ్చుకున్నాము.

ఆ రాత్రి మా శ్రీమతి ఒక పరీక్ష పెట్టింది. ఆ దుకాణపువారు చెప్పే మాట వారి కూరలకు సరిపోతుంది గాని మన కూరలకు కాదు గదా! ప్రతి ముక్క మీద తడి పసుపు ఒక చుక్క, చింతపండు గుజ్జు ఒక చుక్క, ఆవకాయ నూనె ఒక చుక్క వేసి తెల్లవారేవరకు ఉంచింది. ప్రొద్దున్న అందరము చుట్టూ చేరి చూశాము.

మేపుల్ చెక్క ముక్క చూపునకు అందమైనదే. కాని పసుపు దాని నరాలలోకి దిగిపోయింది. అలాంటి గట్టుకు తరచుగా నూనె పట్టించాలి, తడి ఉంచకూడదు.

తెల్లని సాలిడ్ సర్ఫేసు ముక్క మీద మరక పడింది గాని పీచుతో, పొడితో రుద్దగా పోయింది. 1967లో డ్యూపాంట్ కంపెనీవారు కోరియన్ పేరుతో మొదట చేసిన రకం ఇది. అక్రిలిక్ జిగురులో ఖనిజపు పొడి కలిపి పోత పోస్తారు. పైనుండి క్రిందివరకు ఒకే పదార్థం కాబట్టి గీత పడితే గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు. వేడి గిన్నె మాత్రం నేరుగా పెట్టరాదు.

స్టీలు రేకుకు మరక అంటలేదు. అయితే గీతలు పడుతుంది, గిన్నె పెట్టినప్పుడల్లా మోత. అంత చిన్న గదిలో ఒకరు రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతూ ఉంటే ఆ మోత భరించడం కష్టమే.

లామినేటు ముక్క, అంటే మనం సన్‌మైకా అని పిలుచుకొనే జాతి, లేత పసుపు నీడ మాత్రం పట్టింది. సబ్బుతో కడిగి రెండు రోజులు ఎండలో ఉంచగా అదీ పోయింది. పసుపు రంగు ఎండకు నిలవదని మన చాకిరేవు తెలిసిన ఏ తల్లినడిగినా చెప్పుతుంది. ఈ లామినేటు కథ తమాషాగా ఉంటుంది. 1912లో ఇద్దరు ఇంజనీర్లు విద్యుత్ పరికరాలలో అభ్రకమునకు బదులుగా దీనిని కనిపెట్టారు. అభ్రకమును ఇంగ్లీషులో మైకా అంటారు. మైకాకు బదులు కాబట్టి దానికి ఫార్మైకా అని పేరు పెట్టారు. తరువాతి కాలంలో అది కరెంటు పని విడిచి వంటిళ్లకు చేరింది.

క్వార్ట్జ్ పలకకు మరక లేదు. రాతి పొడిని జిగురుతో కలిపి అచ్చుపోసే ఆ పలకను పొడిగా కోస్తే లేచే సన్నని ధూళి, కోసేవారి ఊపిరితిత్తులను గట్టిపరచివేస్తుంది. ఆ కారణం చేతనే 2024 జులై 1 నుండి ఆస్ట్రేలియా దేశం అలాంటి రాయిని నిషేధించింది. గట్టు ఎంచుకొనేటప్పుడు దానిని కోసిన చేతులను గూర్చి కూడా ఆలోచించాలి.

చీమకుర్తి రాయి

ఇక అసలు సంగతికి వస్తాము. నమూనాల కోసం ఒక రాతి దుకాణమునకు కూడా వెళ్లాము. ఎత్తైన పలకలు పుస్తకాల బీరువాలో పుస్తకాలవలె నిలువుగా నిలబెట్టి ఉన్నాయి. బ్రెజిల్ రాళ్లు, నార్వే నుండి వచ్చిన నీలిరంగు మెరుపు రాయి, ఒకదాని ప్రక్కన ఒకటి. చివరి వరుసలో నల్లని పలక ఒకటి, దానిలో రాగి రంగు చుక్కలు నక్షత్రాలవలె మెరుస్తూ ఉన్నాయి. చీటీ మీద బ్లాక్ గెలాక్సీ, ఇండియా అని రాసి ఉన్నది.

ఆ అమ్మాయి అక్కడే ఆగిపోయింది. అరచేయి ఆ రాతి మీద పెట్టి, “అన్నయ్యా, ఇది మా ఊరి రాయి” అన్నది.

నిజమే. ఒంగోలు నుండి కర్నూలు రోడ్డున ఇరవై కిలోమీటర్లు వెళ్తే చీమకుర్తి. ఆ ప్రక్కన రామతీర్థం దగ్గరి క్వారీలలో దొరికే ఈ రాయి ప్రపంచంలో మరెక్కడా దొరకదు. వ్యాపారంలో గ్రానైటు అంటారు గాని శాస్త్రవేత్తల లెక్కలో ఇది గాబ్రో జాతి రాయి. ఆ మెరుపు చుక్కలు బ్రాంజైటు అనే ఖనిజానివి. మేము ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాము. కొండంత బండలను మోసుకుపోయే లారీల వెనుక గంటల తరబడి నిలిచిపోయి విసుక్కున్నాము కూడా. ఆ బండలు ఎక్కడికి పోతున్నవని ఒక్కసారైనా ఆలోచించలేదు.

ఆ అమ్మాయి తండ్రి ఆ క్వారీలో డ్రిల్లింగు పని చేసినవాడు. అతని ఎడమచేతి రెండు వేళ్లు అక్కడే పోయాయి. ఆ కూలి డబ్బులతోనే కూతురిని నర్సింగు చదివించాడు. 2020లో ఆయన మరణించినప్పుడు విమానాలు నిలిచిపోయి ఈమె వెళ్లలేకపోయింది. భూస్థాపన ఫోనులో చూసింది. ఈ సంగతి మాకు తెలుసు. అందుకే ఆమె “ఈ రాయే వేయించుకుందామండీ” అని భర్తను అడిగినప్పుడు, అతడు ఏమీ చెప్పకముందే మేము కల్పించుకొని, “వేయించవయ్యా, ఒక బండ ముక్క బరువెంత!” అనేశాము.

మా బావమరిది ముఖం చిన్నబుచ్చుకున్నాడు. “బావగారూ, ఇల్లయితే వేయిద్దును. ఇది లాక్కుపోయేది” అని మాత్రం అన్నాడు. దారిలో ఎవరూ మాట్లాడలేదు. రాత్రి మా శ్రీమతి మమ్మును మందలించింది. “వాళ్లిద్దరూ తేల్చుకోవలసినది మీరు తీర్పు చెప్పారు. బరువెంతో తెలిసే చెప్పారా?” అని అడిగింది. తెలియదు. ఇరవై ఏళ్లుగా కుటుంబాల తగవులు తీర్చుచున్న మాకు ఆ రాత్రి సిగ్గు కలిగింది. రెండు రోజులు ఆ చిన్న ఇంట్లో గిన్నెల చప్పుడే గాని మాటలు లేవు.

కాటా మీద

మూడవ రోజున మేమే మా బావమరిదిని పిలిచి, “మా తప్పు. లెక్క మాకు చూపించు, ఆ అమ్మాయిని కూడా కూర్చోబెట్టు” అన్నాము. నలుగురము బల్ల చుట్టూ కూర్చున్నాము.

ప్రతి ట్రైలర్‌లోను తలుపు దగ్గర పసుపు రంగు చీటీ ఒకటి అంటించి ఉంటుంది. సామాను, నీళ్లు అన్నీ కలిపి ఎంత బరువు మించరాదో దాని మీద రాసి ఉంటుంది. మించితే టైర్లు పేలవచ్చు, ఇరుసు వంగవచ్చు, బ్రేకులు ఆగకపోవచ్చు. వెనుకనున్న ఇల్లు పాములాగ ఊగితే ముందున్న బండిని కూడా ఈడ్చివేస్తుంది. వీరి చీటీ మీద 590 కిలోలు అని ఉన్నది. అది చాలా ఎక్కువని మాకు తోచింది. కాని నీళ్ల ట్యాంకు నిండితేనే 150 కిలోలు. బియ్యం బస్తాలు, కుక్కర్లు, బట్టలు, పుస్తకాలు, బ్యాటరీలు, పనిముట్లు మిగతాది తింటాయి.

“ఊహ ఎందుకు, తూచుదాం” అన్నది ఆ అమ్మాయే. అంతా సర్దుకొని హైవే ప్రక్కన లారీలు తూచే కాటా దగ్గరకు వెళ్లాము. ముందు ట్రక్కు, ట్రైలర్ కలిపి తూచారు. తరువాత ట్రైలర్‌ను విడదీసి ట్రక్కును మాత్రమే తూచారు. రెంటికీ తేడాయే ట్రైలర్ బరువు. లెక్క కట్టగా ఇంకా మిగిలిన సందు 70 కిలోలు.

గట్టు వైశాల్యం పన్నెండు చదరపు అడుగులు. మూడు సెంటీమీటర్ల మందం గల ఆ నల్లరాయి చదరపు అడుగుకు ఎనిమిది కిలోలకు పైగా తూగుతుంది. అంటే మొత్తం వంద కిలోలు. పాత గట్టు తీసివేస్తే ఇరవై తగ్గుతుంది, ఎనభై పెరుగుతుంది. రెండు సెంటీమీటర్ల పలక అయితే 66 కిలోలు. దాని క్రింద ప్లైవుడ్ వేస్తే ఎనభై దాకా. అప్పుడు పెరిగేది అరవై, మిగిలేది పది. ఆ బరువంతా బండికి ఒక ప్రక్కనే పడుతుంది. క్రింది అరలు పలుచని చెక్కతో చేసినవి. రోడ్డు మీద ఆ ఇల్లు రోజంతా భూకంపంలో ఉన్నట్లే అదురుతుంది. సింకు ముందు మిగిలే సన్నని రాతి పట్టీ అక్కడే పగులుతుందని దుకాణపువారే చెప్పారు. లామినేటు అంటించిన ప్లైవుడ్ గట్టయితే మొత్తం పదిహేను కిలోలు.

ఆ అమ్మాయి కాటా చీటీని చాలాసేపు చూసింది. రోగి బరువు చూసి మందు మోతాదు లెక్కించే చేతులు అవి. అంకెలను కాదనడం ఆమెకు తెలియదు. “పది కిలోలు మిగిలితే వదినగారి పెట్టె కూడా పట్టదు. వద్దులెండి” అన్నది. మాట మామూలుగానే అన్నది గాని కళ్లు తుడుచుకున్నది. మా బావమరిది అప్పుడు, “నేను వద్దన్నది మామగారి రాయిని కాదు. నువ్వు లోపల నిద్రపోయే ఇంటిని నేను లాగుతున్నాను గదా, భయం వేసింది” అన్నాడు. ఈ మాట మొదటి రోజే అని ఉంటే రెండు రోజుల మౌనం తప్పేది. మేము మధ్యలో దూరకుండా ఉంటే అనేవాడేమో కూడా.

పది కిలోల నక్షత్రాలు

మరునాడు ఆ రాతి దుకాణమునకు భార్యాభర్తలిద్దరే వెళ్లారు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మా బావమరిది చేతిలో గోనెగుడ్డలో చుట్టిన ముక్క ఒకటి ఉన్నది. ఎవరి ఇంటికోసమో పలకలో సింకు పట్టడానికి చోటు కోసినప్పుడు మధ్యనుండి వచ్చిన ముక్క. అలాంటివి దుకాణం వెనుక గుట్టగా పడి ఉంటాయట. నామమాత్రపు ధరకు ఇచ్చారు. పన్నెండు అంగుళాలు ఇటు, పదిహేను అంగుళాలు అటు కోయించి, అంచులు నున్నగా చేయించారు. తూకం వేస్తే ఇంచుమించు పది కిలోలు.

మిగతా గట్టంతా లేత బూడిదరంగు లామినేటు. ప్లైవుడ్ కోసిన అంచులన్నిటికీ, సింకు చుట్టూ కనబడని లోపలి అంచుకు కూడా, నీరు దిగకుండా రెండు పూతలు వేశారు. పాత గట్టు చెడిపోయినది అక్కడినుండే గదా! స్టవ్ ప్రక్కన ప్లైవుడ్‌లో గుంట చేసి, ఆ నల్లరాతి ముక్కను పొదిగి, కుదుపులకు లేవకుండా చుట్టూ సన్నని మేపుల్ పట్టీ బిగించారు. లామినేటు వేడికి కమిలిపోతుంది కాబట్టి పొయ్యి మీదనుండి దించిన గిన్నె పెట్టడానికి రాయే తగినది. చపాతీలు వత్తడానికీ అదే. పాత గట్టు బరువుతో పోలిస్తే పెరిగినది మొత్తం ఐదు కిలోలు.

పని పూర్తయిన రోజు రాత్రి ఆ అమ్మాయి ఆ రాతి మీద మొదటి చపాతీ వత్తింది. ప్రార్థన చేసుకొని నలుగురము ఆ ఇరుకు బల్ల దగ్గర మోకాళ్లు తగులుతూ కూర్చొని తిన్నాము. భోజనం మధ్యలో ఆమె తన తండ్రిని గూర్చి చెప్పడం మొదలుపెట్టింది. పనినుండి వచ్చి మూడు వేళ్లతోనే జామకాయ కోసి పిల్లలకు పంచేవాడట. మూడేళ్లలో ఆమె నోట ఆ మాటలు వినడం అదే మొదటిసారి అని మా బావమరిది తరువాత మాతో చెప్పాడు. పట్టణమంత గట్టు వేయించినా ఆ మాటలు వచ్చేవో లేవో మేము చెప్పలేము.

వారం తరువాత వారి కొత్త ఒప్పందం మొదలైంది. ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించి, లైట్లు, గొలుసులు, టైర్లలో గాలి ఒకటికి రెండుసార్లు చూసుకొని బయలుదేరారు. మొక్కజొన్న చేల మధ్య ఆ తెల్లని ఇల్లు చిన్నదై పోయేవరకు చూస్తూ నిలబడ్డాము.

ఇప్పుడు మేము చీమకుర్తి దారిన వెళ్తూ రాతి లారీ వెనుక ఆగిపోయినప్పుడు విసుక్కోవడం లేదు. మీ ఇంట గట్టు వేయించే రోజు వచ్చినప్పుడు, ప్రియ పాఠకులారా, దుకాణానికి వెళ్లకముందు ఒకరికొకరు ఎందుకు కావాలంటున్నారో, ఎందుకు వద్దంటున్నారో అడిగి తెలుసుకోండి. ఆ తరువాత తూచండి. ఆ ఇంట అతిథులుగా ఉన్నవారు, వారు పాస్టరుగారైనా సరే, కాటా చీటీ వచ్చేవరకు నోరు మూసుకొని ఉండడం మంచిది.